ఉరుము దగ్గరికొచ్చే లోపు వీల్ ఖాళీ కావాలి: తిరుపతి పార్కులో రైడ్లు ఆపే పని, నా అనుభవం

మా జెయింట్ వీల్‌కి 16 తొట్లు, తొట్టికి నలుగురు. ఒక తొట్టిని ప్లాట్‌ఫాం దగ్గరికి తెచ్చి ఆపి, గొళ్ళెం తీసి, నలుగురినీ దించి, మళ్లీ గొళ్ళెం వేసి కదిలించడానికి కుర్రకారైతే 25 సెకన్లు చాలు. పెద్దవాళ్లు, చంటిపిల్లలు, చీర కొంగు కడ్డీకి చుట్టుకున్న అమ్మలు ఉంటే 40 సెకన్లు. 16 తొట్లకి 40 చొప్పున 640 సెకన్లు, అంటే దగ్గర దగ్గర 11 నిమిషాలు. వరసగా దించకూడదు (ఎందుకో కింద చెప్తాను) కాబట్టి ఇంకో నాలుగు నిమిషాలు కలపాలి. మొత్తం 15. గాలివాన గురించి మేం రాసి పెట్టుకున్న పద్ధతంతా ఈ 15 నిమిషాల మీదే నడుస్తుంది.

నేను తిరుపతి శివార్లలో ఒక పార్కులో రైడ్ల సేఫ్టీ చూస్తాను. వీల్, చిన్న రోలర్ కోస్టర్, 12 మీటర్ల స్లైడ్ టవర్, వేవ్ పూల్, పిల్లల రైడ్లు ఓ పది. కొండ మీద దర్శనం చేసుకుని, రాత్రి రైలుకి టైం ఉంది గదా అని వచ్చే కుటుంబాలు, చెన్నై నుంచి బస్సుల్లో వచ్చే కాలేజీ పిల్లలు, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు, వీళ్లే మా జనం.

వాతావరణంతో వచ్చే కష్టం రెండు రకాలు. తుపానైతే మూడు నాలుగు రోజుల ముందే తెలుస్తుంది. ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ తుపాను కోసం మొట్టమొదటిసారి గేట్లు మూసింది 1999లో, ఫ్లాయిడ్ అనే తుపాను అప్పుడు. అలాంటి మూతకి ముందుగా చెప్పే వీలుంటుంది, సామాను కట్టుకునే తీరిక ఉంటుంది. మనకి ఎక్కువ ఇబ్బంది పెట్టేది రెండో రకం: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం మూడు తర్వాత లేచే ఉరుముల వాన. అది వచ్చేముందు ఇచ్చే టైం అరగంట, ఒక్కోసారి అదీ ఉండదు.

పొద్దున తొమ్మిదికి అమరావతి వాతావరణ కేంద్రం బులెటిన్ చూస్తాం. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఆ రోజు జిల్లాకి ఏది ఇచ్చారో బోర్డు మీద రాస్తాం. అది రోజు మొత్తానికి అంచనా, అంతకు మించి అక్కరకు రాదు. మధ్యాహ్నం నుంచి పనికొచ్చేవి మూడు గంటల ముందస్తు హెచ్చరికలు, చెన్నై రాడార్ చిత్రం, పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్. దామినిలో మనం ఉన్న చోటు చుట్టూ 20, 40 కిలోమీటర్ల వలయాలు కనబడతాయి, పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చుక్కలు పడతాయి. విపత్తుల సంస్థ నుంచి వచ్చే పిడుగు మెసేజీలు కూడా వస్తాయి గానీ అవి మండలాల పేరుతో వస్తాయి, మన గేటు పేరుతో రావు.

రాడార్ చూసేవాడికి దిక్కు తెలియాలి. నైరుతి కాలంలో మబ్బు పడమట పుట్టి, పలమనేరు, చిత్తూరు వైపు నుంచి సాయంత్రానికి మన మీదికి వస్తుంది. అక్టోబరు తర్వాత సముద్రం వైపు నుంచి, తూర్పు నుంచి వస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు శేషాచలం వైపే చూస్తూ కూర్చుంటారు. కొండ మీద మబ్బు కమ్మిందంటే ఇక్కడ వాన పడుతుందని ఊళ్లో నమ్మకం. రెండిటికీ సంబంధం ఉన్న రోజులూ ఉన్నాయి, లేని రోజులూ ఉన్నాయి. రైడ్ ఆపడానికి అది లెక్కలోకి రాదు.

ఉరుముల మబ్బు గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుంటే 10 కిలోమీటర్లకి 15 నిమిషాలు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు ఉంటే పిడుగు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు, ఎందుకంటే శబ్దం కిలోమీటరు రావడానికి మూడు సెకన్లు. ఆ 30 సెకన్ల లెక్క పూల్ ఖాళీ చేయడానికి సరిపోతుంది, వీల్‌కి సరిపోదు. చివరి తొట్టి దిగే సరికి మబ్బు నెత్తిమీద ఉంటుంది. పైగా పిడుగు మబ్బు మధ్యలో నుంచే పడాలని లేదు, వాన చినుకు లేని చోట కూడా, మబ్బు అంచు నుంచి పది కిలోమీటర్ల అవతల కూడా పడగలదు. అందుకని వీల్‌కి మా హద్దు 20 కిలోమీటర్లు. దామినిలో లోపలి వలయంలో చుక్క పడితే ఎక్కించడం ఆగుతుంది, ఆకాశం నీలంగా ఉన్నా సరే. అప్పుడు క్యూలో ఉన్నవాళ్లు మమ్మల్ని చూసే చూపు అలవాటు పడాల్సిందే.

చెవిని నమ్మడంలో ఇంకో చిక్కుంది. వేవ్ పూల్ పక్కన డీజే మోగుతుంటే ఐదు కిలోమీటర్ల ఉరుము కూడా వినబడదు. ఉరుము వినే మనిషిని స్పీకర్లకి దూరంగా, పార్కింగ్ చివర సెక్యూరిటీ గది దగ్గర పెట్టాలి. మేడ మీద పెట్టకూడదు. దూరం కనబడుతుందని మొదట్లో అలాగే పెట్టేవాళ్లం, పిడుగు కోసం కాపలా కాసే మనిషిని అందరికన్నా ఎత్తులో నిలబెట్టడం ఎంత తెలివితక్కువో తర్వాత తట్టింది.

పిడుగు ఒక ఎత్తు, గాలి ఇంకో ఎత్తు. ఉరుముల మబ్బులోంచి చల్లటి గాలి కిందికి దిగి నేలకి తగిలి ముందుకు తోసుకొస్తుంది. వాన కన్నా పది నిమిషాల ముందే వచ్చేయగలదు. ఎండలో ఉక్కపోస్తున్నప్పుడు ఉన్నట్టుండి మట్టి వాసనతో చల్లగాలి తగిలిందంటే జనం హాయిగా చేతులు చాపుతారు. ఆపరేటర్లకి అది ఆఖరి హెచ్చరిక. అమెరికాలో 2011 ఆగస్టు 13న ఇండియానా స్టేట్ ఫెయిర్‌లో స్టేజీ పైకప్పు కూలి ఏడుగురు చనిపోయింది ఇలాంటి గాలికే, అసలు ఉరుముల వాన చేరక ముందే.

గాలి వేగం రెండింతలైతే దాని తోపు నాలుగింతలు అవుతుంది. గంటకి 30 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకి సుమారు నాలుగు కిలోల బరువుతో తోస్తుంది, 60 అయితే 17 కిలోలు. క్యూ మీద నీడకోసం కట్టిన 60 చదరపు మీటర్ల షేడ్ క్లాత్ మీద అది టన్ను అవుతుంది. అందుకే షేడ్ క్లాతులు ఒక వైపు తాళ్లు తెగ్గొట్టకుండా లాగితే ఊడిపోయే ముడితో కట్టిస్తాం. గాలి మీటరు వీల్ ఇరుసు ఎత్తులో ఉండాలి. ఆఫీసు గోడ మీద పెడితే చెట్ల చాటున 15 చూపిస్తుంది, పైన 30 కొడుతుంటుంది. సగటు చూడకూడదు, మూడు సెకన్ల పాటు విసురుగా కొట్టే గాలి చూడాలి. రైడ్లకి యూరప్ ప్రమాణం సెకనుకి 15 మీటర్లు, అంటే గంటకి 54 కిలోమీటర్ల గాలిని నడిచే రైడ్‌కి గరిష్ఠంగా లెక్కలోకి తీసుకుంటుంది. మా వీల్ మాన్యువల్‌లో హద్దు 50. మేం 35కే ఎక్కించడం ఆపుతాం. ఆ తేడా అంతా పైన చెప్పిన 15 నిమిషాల కోసమే.

ఇక ఆపే పని. మైక్‌లో చెప్పేముందు వాకీలో చెప్పాలి, లేకపోతే జనం ఒకేసారి ఆపరేటర్ల మీద పడతారు, వాళ్ల దగ్గర జవాబుండదు. వీల్ దగ్గర మాట ఇలా ఉంటుంది.

"వీల్, ఎక్కించేది ఆపు."

"ఆపేసినా అన్నా. పదకొండింట్లో జనం ఉండారు."

"పైన పిలకాయలు ఒంటిగా ఉండారా?"

"ఒక తొట్లో ఇద్దరుండారు, తొమ్మిదో నంబరు. వాళ్ల నాయన కిందుండాడు."

"ఎదురెదురు దించు. తొమ్మిది కోసం తొందరపడొద్దు."

ఎదురెదురు అంటే ఒకటో తొట్టి దించాక రెండోది కాదు, ఎదురుగా ఉన్న తొమ్మిదోది దించాలి, తర్వాత ఐదు, పదమూడు. అలా కాకుండా పక్కపక్కవి వరసగా ఖాళీ చేస్తే చక్రంలో ఒక వైపు ఆరేడు తొట్లు ఖాళీ, రెండో వైపు ఆరేడు తొట్ల నిండా జనం. బరువు వైపు చక్రం దానంతటదే జారాలని చూస్తుంది, బ్రేకు పట్టు తడిసి ఉంటే జారుతుంది కూడా. ప్లాట్‌ఫాం దగ్గర ఒక కాలు కింద, ఒక కాలు తొట్టిలో ఉన్న మనిషికి అరడుగు జారినా కాలు విరుగుతుంది. పై సంభాషణలో తొమ్మిదో నంబరు రెండో వంతులోనే దిగుతుంది కాబట్టి సరిపోయింది. తండ్రి అరుస్తున్నాడని ఏ తొట్టినైనా వరస తప్పించి ముందు తెచ్చారంటే లెక్క చెడిపోతుంది.

కొత్త ఆపరేటర్లు చేసే అతి పెద్ద తప్పు, ఆపమనగానే ఎర్ర బటన్ కొట్టడం. ఎమర్జెన్సీ స్టాప్ మనిషి ఇరుక్కున్నప్పుడు, ఏదైనా విరిగినప్పుడు వాడేది. వాన కోసం ఆ బటన్ కొడితే చక్రం ఉన్నచోటే ఠక్కున ఆగి తొట్లన్నీ ఊగుతాయి, జనం పైనే ఉంటారు, మళ్లీ రీసెట్ చేసి కదిలించడానికి మూడు నాలుగు నిమిషాలు పోతాయి. మా దగ్గర ట్రైనింగ్‌లో మొదటి రోజు చెప్పే మాట: ఆపు అంటే ఎక్కించడం ఆపు, తిప్పడం ఆపొద్దు.

కోస్టర్ జనం భయపడేంత కష్టం కాదు. ట్రైన్ ఒకటే, చుట్టు 90 సెకన్లు. స్టేషన్లోకి వచ్చాక మళ్లీ పంపకుండా ఉంటే పని అయిపోయినట్టే. కరెంటు పోయి చైన్ లిఫ్ట్ (ట్రైన్‌ని పైకి లాగే గొలుసు) మీద ఆగితే ట్రైన్ వెనక్కి జారకుండా కింద ఉక్కు నాలుకలు పళ్ల పట్టీలో పడి ఉంటాయి. పక్కన మెట్ల దారి ఉంటుంది. ఒక్కొక్క సీటు ల్యాప్ బార్, అంటే ఒళ్లో పడే కడ్డీ, చేత్తో విప్పి, పై సీటు నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కర్ని చెయ్యి పట్టుకుని దించాలి. ఉరుములు దగ్గరగా ఉంటే మాత్రం ఆ ఇనప మెట్ల మీదికి జనాన్ని దించాలా, సీట్లోనే ఉంచాలా అన్నది క్షణంలో తేల్చలేని ప్రశ్న. అందుకే ఆ పరిస్థితి రాకుండా 20 కిలోమీటర్ల దగ్గరే కోస్టర్ కూడా ఆపేస్తాం.

కరెంటు సంగతి ఇక్కడే చెప్పాలి. పెద్ద గాలి లేస్తే కరెంటు పోవడం ఖాయం అనుకునే పని చేయాలి. జనరేటర్ అందుకోవడానికి 15, 20 సెకన్లు పడుతుంది, ఆ తర్వాత వీల్ డ్రైవ్ ప్యానెల్ ఫాల్ట్ చూపిస్తుంది, మనిషి రీసెట్ చేయాలి. కాబట్టి మబ్బు 40 కిలోమీటర్ల వలయంలో ఉండగానే జనరేటర్ వేసి వేడెక్కనిస్తాం, డీజిల్ ఖర్చు అని మేనేజర్ మూలిగినా సరే. జనరేటర్ కూడా మొరాయిస్తే మోటార్ షాఫ్ట్‌కి తగిలించే హ్యాండిల్ ఉంది. ఇద్దరు తిప్పాలి, ఒకరు బ్రేకు దగ్గర ఉండాలి. తొట్టికి రెండు నిమిషాలకు తక్కువ పట్టదు. నెలకోసారి ఖాళీ వీల్‌ని ఆ హ్యాండిల్‌తో ఒక చుట్టు తిప్పించకపోతే అవసరమైన రోజు హ్యాండిల్ ఎక్కడుందో వెతకడమే సరిపోతుంది.

నీళ్లలో ఉన్నవాళ్లని బయటికి రప్పించడం మాటలతో పని. వేవ్ మెషిన్ ఆపగానే అలలు తగ్గి జనానికి ఏదో అయిందని తెలుస్తుంది. విజిల్ మూడుసార్లు, తర్వాత మైక్. మైక్‌లో కారణం చెప్పకపోతే ఎవరూ కదలరు, "టెక్నికల్ ప్రాబ్లం" అంటే అసలు కదలరు, నీళ్లలోనే నిలబడి ఎదురుచూస్తారు. మేం చెప్పేది ఇంతే: "ఉరుములు దగ్గరికొస్తున్నాయి. నీళ్లలో ఉన్నవాళ్లు నెమ్మదిగా నడుస్తూ బయటికి రండి, ఎడమ చేతి వైపు ఫుడ్ కోర్టు స్లాబు కిందికి వెళ్లండి." ఇదే తమిళంలో, హిందీలో. తమిళంలో ఇడి (ఉరుము), మిన్నల్ (మెరుపు) అన్న రెండు మాటలు, "మెదువా వెళియ వాంగ" (నెమ్మదిగా బయటికి రండి) అన్న ఒక్క ముక్క ప్రతి లైఫ్‌గార్డ్‌కీ నోటికి రావాలి. స్లైడ్ టవర్ మెట్ల మీద ఉన్నవాళ్లని కిందినుంచి కాదు, పైనుంచి కదిలించాలి. పైన ఉన్న గార్డ్ చివరి మనిషి వెనకాల దిగొస్తాడు. వేవ్ పూల్ 200 మందితో ఉన్నప్పుడు ఐదారు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. అయ్యాక గార్డ్ పూల్ అడుగు కనబడేలా ఒకసారి చుట్టూ నడవాలి.

జనాన్ని ఎక్కడ పెట్టాలన్నది ముందే తేలి ఉండాలి. రేకుల షెడ్డు, గొడుగు, వేపచెట్టు, టికెట్ క్యూ పందిరి, ఇవి వాన నుంచి కాపాడతాయి, పిడుగు నుంచి కాపాడవు. కాంక్రీటు స్లాబు ఉన్న గది కావాలి. అద్దాలు ఎత్తిన బస్సు, కారు కూడా మంచివే, చెన్నై బస్సుల వాళ్లని నేరుగా బస్సులెక్కమంటాం. మా ఫుడ్ కోర్టు 600 చదరపు మీటర్లు. బల్లలు పోగా చదరపు మీటరుకి ఇద్దరి లెక్కన వెయ్యి మంది పడతారు. జనం చేరేముందు పొయ్యిలు ఆర్పి సిలిండర్ల వాల్వులు కట్టేయాలి. దోసె వేస్తున్నవాడు ఒక్కడు "ఇది ఒక్కటీ" అంటాడు, ఒప్పుకోకూడదు. గేమింగ్ హాల్ పెద్దదే అయినా ఆశ్రయానికి వాడం. ఫోం, ప్లాస్టిక్, తీగలు, దారులు తక్కువ. రాజ్‌కోట్‌లో 2024 మే 25న గేమింగ్ జోన్ మంటల్లో 27 మంది పోయాక అలాంటి గదిలోకి జనాన్ని కుక్కే ధైర్యం ఎవరికుంటుంది?

తప్పిపోయిన పిల్లల విషయంలో తిరుపతికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. వేరే ఊళ్లో అయితే జుట్టు ఎలా ఉంది అని అడుగుతారు. ఇక్కడ ఆరేళ్ల గుండు పిల్లాడు అంటే ఏ సాయంత్రమైనా యాభై మంది దొరుకుతారు, అమ్మ, నాన్న, తాత అందరికీ గుండే. బట్టలు అడిగితే అందరివీ మేమే అద్దెకిచ్చిన నీలం నైలాన్ డ్రెస్సులు. అందుకని గేటు దగ్గరే పదేళ్ల లోపు పిల్లలకి కాగితం పట్టీ కట్టి, దాని మీద పెద్దవాళ్ల ఫోన్ నంబర్ తడికి చెరగని మార్కర్‌తో రాస్తాం. ఫోన్ లాకర్‌లో ఉంటుంది కాబట్టి నంబర్ పక్కన లాకర్ నంబర్ కూడా. ఆ రెండో నంబరే పిల్లల్ని త్వరగా కలుపుతుంది.

ఎవరికైనా పిడుగు తగిలితే ముట్టుకోవడానికి భయపడనక్కర్లేదు, ఒంట్లో కరెంటు నిలవ ఉండదు. ఊపిరి లేకపోతే వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు. ఇంకొకరు 108కి ఫోన్ చేసి, ఏ గేటు దగ్గరికి రావాలో చెప్పి, ఆ గేటు ముందు బండ్లు తీయించాలి.

తర్వాత వేచి ఉండటం. చివరి ఉరుము నుంచి 30 నిమిషాలు. మధ్యలో ఇంకో ఉరుము వినబడితే గడియారం మళ్లీ సున్నా. గొడవలన్నీ ఈ అరగంటలోనే. వాన ఆగింది, ఎండ వచ్చింది, ఇంకా ఎందుకు తెరవరు అంటారు. మాటలతో చెప్పీ చెప్పీ విసిగి, ఇప్పుడు కౌంటర్ పక్కన తెల్లబోర్డు పెట్టి "చివరి ఉరుము 5:42, తెరిచేది 6:12" అని రాస్తున్నాం. ఇంకో ఉరుము రాగానే జనం కళ్ల ముందే చెరిపి రాస్తాం. ఉరుము వాళ్లకీ వినబడుతుంది కాబట్టి మా మీద కోపం కొంత దాని మీదికి పోతుంది. డబ్బు వాపసు సంగతి టికెట్ వెనక మూడు భాషల్లో అచ్చేసి ఉంది. ఇంకో రోజు రమ్మని పాస్ ఇస్తే ఊరివాళ్లు ఒప్పుకుంటారు, విజయనగరం నుంచి దర్శనానికొచ్చిన కుటుంబానికి ఆ పాస్ దేనికి పనికొస్తుంది? వాళ్ల కోపంలో న్యాయం ఉంది.

తెరవడం ఆపడం కన్నా నిదానమైన పని. ప్రతి రైడూ ఖాళీగా మూడు చుట్లు. కోస్టర్‌కి రాపిడి బ్రేకులు తడిస్తే ట్రైన్ ఆగాల్సిన గీత దాటుతుంది, గీత మీద ఆగే దాకా ఖాళీగానే తిప్పాలి. స్లైడ్ల గొట్టాల్లో కొమ్మలు, రాళ్లు చూడాలి. కొండ కింద ఊరు కాబట్టి పాములు, తేళ్లు కూడా చూడాలి, ముఖ్యంగా పంపు గుంతల్లో. పూల్ అడుగున డ్రెయిన్ జాలీ స్పష్టంగా కనబడకపోతే ఆ పూల్ ఆ రోజుకి లేదు. బురద నీళ్లలో మునిగిన మనిషి గార్డ్‌కి కనబడడు. నీళ్లలో క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. గాలితో వచ్చిన మట్టి, ఆకులు క్లోరిన్‌ని తినేస్తాయి, గంట ముందు రాసిన అంకె ఇప్పుడు చెల్లదు. ప్రతి ప్యానెల్‌లో 30 మిల్లీ యాంపుల ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) టెస్ట్ బటన్ నొక్కి ట్రిప్ అవుతోందో లేదో చూడాలి. తడిసిన మోటార్‌ని మెగ్గర్‌తో (తీగల ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో చూపే మీటరు) కొలవకుండా స్విచ్ వేయకూడదు. ఒక మెగా ఓం కన్నా తక్కువ చూపిస్తే అది రేపటి పని. వీల్ అన్నిటికన్నా చివర.

తుపాను పని వేరు. 2021 నవంబరు మూడో వారంలో తిరుపతి రోడ్లు కాలవలైనప్పుడు, 2023 డిసెంబరులో మిచౌంగ్ అప్పుడు పార్కు ముందే మూసేశాం, కాబట్టి జనం బాధ లేదు. ఉన్న పనల్లా షేడ్ క్లాతులు, ఫ్లెక్సీలు విప్పడం, మాన్యువల్లో చెప్పిన చోట వీల్ తొట్లు కట్టేయడం, పంపు రూం గుమ్మానికి ఇసక బస్తాలు. రెండు తప్పులు మాత్రం చాలా చోట్ల చేస్తారు. ఒకటి, పొంగుతుందేమోనని పూల్ మొత్తం ఖాళీ చేయడం. నేలలో నీటిమట్టం పైకొస్తే ఖాళీ పూల్‌ని కిందినుంచి పైకి తోస్తుంది, అడుగు పగులుతుంది. నీళ్లు ఒక అడుగు తగ్గిస్తే చాలు, మిగతా నీళ్ల బరువే దానికి కాపు. రెండు, క్లోరిన్ డబ్బాలు పంపు రూం నేల మీదే వదిలేయడం. టీసీసీఏ (పూల్‌లో వేసే క్లోరిన్ మందు) డబ్బాలోకి కాస్త నీళ్లు దిగితే విషవాయువు వస్తుంది, పక్కనే యాసిడ్ క్యాన్ ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. రెంటినీ వేరు వేరు గదుల్లో, నడుం ఎత్తు అరల మీద పెట్టాలి. వాసన తగిలితే గాలికి అడ్డంగా పక్కకి తప్పుకుని, గాలి వచ్చే వైపుకి చేరాలి, గాలి వాటున పరిగెత్తకూడదు.

రాత్రి గేటు మూశాక రిజిస్టర్ రాస్తాం. దామినిలో మొదటి చుక్క ఎన్నింటికి, వీల్‌కి ఆపమన్నది ఎన్నింటికి, చివరి తొట్టి ఎన్నింటికి దిగింది. పోయిన నెల 15 ఉన్న చోట ఈ నెల రెండుసార్లు 18 పడింది. నాలుగో తొట్టి, పన్నెండో తొట్టి గొళ్ళాలు తుప్పుతో బిగుసుకుని సుత్తితో కొడితే గానీ రావట్లేదట. గ్రీజు పెట్టించి, ఆదివారం పొద్దున ఖాళీ వీల్‌తో మళ్లీ టైం చూడాలి. అందాక హద్దు 25 కిలోమీటర్లు అని బోర్డు మీద రాశాం.